ఒమాహాలో ఎదుటివాడి చేతిలో ఏముండొచ్చు? రేంజ్, ఈక్విటీ లెక్క కట్టే పద్ధతి

రమ్మీ ఆడి పెరిగినవాళ్లకు ఎదుటివాడి చెయ్యి చదవడం కొత్తేమీ కాదు. మనం పడేసిన ఇస్పేట్ 7ను పక్కవాడు టక్కున ఎత్తుకున్నాడంటే, ఆ చుట్టుపక్కల ముక్కలు ఇక మన చేతిలోంచి జారనివ్వం. అతని దగ్గర 5-6 ఉండొచ్చు, 6-8 ఉండొచ్చు, 8-9 ఉండొచ్చు, వేరే గుర్తుల 7లు రెండు ఉండొచ్చు. ఏది ఉందో తెలియదు, ఏవేవి ఉండొచ్చో మాత్రం తెలుసు. పోకర్‌లో, అందులో ఒక రకమైన ఒమాహాలో కూడా, రేంజ్ అంటే ఆ 'ఉండొచ్చు'ల మూటే. ఇక ఈక్విటీ అంటే, ఇప్పటికిప్పుడు అందరూ ముక్కలు తిప్పేసి మిగతా బోర్డు (అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరిచే ముక్కలు) పంచేస్తే, సగటున పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, మనకొచ్చే వాటా.

రెండు ముక్కలు పంచే హోల్డెమ్ ఆడటం వచ్చి, పాట్-లిమిట్ ఒమాహాలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒమాహాలో నాలుగు ముక్కలు పంచుతారు. చివర్లో చేతిలోంచి కచ్చితంగా రెండు, బోర్డు మీంచి కచ్చితంగా మూడు వాడాలి. బోర్డు మీద ముందు మూడు ముక్కలు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఇంకొకటి (రివర్) తెరుస్తారు. పందెం ఎప్పుడైనా పాట్ ఎంతుందో అంతవరకే.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. 2025లో కేంద్రం కూడా దేశం మొత్తానికి చట్టం చేసింది. కాబట్టి ఇక్కడ లెక్కలన్నీ చిప్స్‌లోనే చెప్తాను. ఆట చట్టబద్ధమైన చోట ఉన్నవాళ్లకైనా, ఊరికే చిప్స్‌తో ఆడుకునేవాళ్లకైనా లెక్క ఒక్కటే.

మొదటి అడుగు: నాలుగు ముక్కల్ని ఆరు జతలుగా చూడటం

హోల్డెమ్‌లో రావడానికి వీలున్న చేతులు 1,326. ఒమాహాలో 2,70,725. ఈ అంకె చూసి హడలిపోనక్కర్లేదు. చివరికి వాడేది రెండు ముక్కలే కాబట్టి ప్రతి చెయ్యీ ఆరు రెండు-ముక్కల చేతుల మూట. రాజు-రాణి-జాకీ-10 అంటే రాజు-రాణి, రాజు-జాకీ, రాజు-10, రాణి-జాకీ, రాణి-10, జాకీ-10. ఎదుటివాడి రేంజ్ గురించి ఆలోచించేటప్పుడు 'ఈ బోర్డు మీద ఏ రెండు ముక్కలుంటే ఇలా ఆడతాడు' అని అడగండి. మిగతా రెండు ముక్కలు ఆ తర్వాతి సంగతి.

ఆరు చేతులు కలిసి ఆడతాయి కాబట్టే ఒమాహాలో ఈక్విటీలు దగ్గరదగ్గరగా ఉంటాయి. హోల్డెమ్‌లో రెండు ఆసులు పడితే పండగే, అది 221 సార్లకు ఒకసారి వస్తుంది. ఒమాహాలో కనీసం రెండు ఆసులున్న చేతులు 6,961, అంటే దాదాపు 39 చేతులకు ఒకటి. అన్నిసార్లు వస్తాయి, హోల్డెమ్‌లో ఉన్నంత బలమూ ఉండదు.

రెండో అడుగు: ఫ్లాప్‌కు ముందే ఒక శాతం రాసుకోవడం

కొత్తలో నాకో జబ్బు ఉండేది. ఎవరు రీ-రైజ్ చేసినా (పెంచిన పందేన్ని మళ్లీ పెంచినా) 'వీడి దగ్గర రెండు ఆసులున్నాయి' అనేసుకునేవాణ్ణి. ఒక టేబుల్‌లో అది నిజం, ఇంకో టేబుల్‌లో పచ్చి అబద్ధం. తేడా ఎక్కడుందో లెక్క వేశాకే అర్థమైంది.

ఆసుల చేతులు మొత్తంలో 2.57 శాతం. ఒకాయన తనకొచ్చిన చేతుల్లో 5 శాతంతోనే రీ-రైజ్ చేస్తాడనుకుందాం. ఆసులొచ్చిన ప్రతిసారీ ఎలాగూ చేస్తాడు. అప్పుడు ఆ 5లో 2.57 ఆసులే, అంటే సగానికి పైన. ఇంకొకాయన 10 శాతంతో చేస్తాడు, అతని దగ్గర ఆసులుండే అవకాశం నాలుగో వంతే. మిగతా మూడు వంతులూ రెండేసి గుర్తులు కలిసిన వరస ముక్కలు, గుర్తు కలిసిన రాజుల జతలు, అలాంటివి. ఇద్దరూ చేసింది ఒకటే పని, రేంజ్‌లు మాత్రం వేరు.

మన చేతిలో ఏముందన్నది కూడా ఈ లెక్కను మారుస్తుంది. మన దగ్గర ఆసు లేకపోతే ఒక ఎదుటివాడికి ఆసుల జత ఉండే అవకాశం 3 శాతం. మన దగ్గర ఒక్క ఆసు ఉంటే అది 1.55కి పడిపోతుంది. దీన్నే బ్లాకర్ అంటారు. ఒక్క ముక్క సగం తగ్గించేస్తుంది.

శాతం ఎలా తెలుస్తుంది? సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఫర్వాలేదు. మీరు ఫోల్డ్ చేసి (ముక్కలు వదిలేసి) ఖాళీగా కూర్చున్నప్పుడు ఫోన్ చూడకుండా ఒక్కడినే పట్టుకుని గమనించండి. ఎన్ని పంపకాల్లో ఎన్నిసార్లు పాట్‌లోకి దిగాడు, ఎన్నిసార్లు రైజ్ చేశాడు, చివర్లో ముక్కలు తిప్పినప్పుడు ఏం చూపించాడు. ముప్పై నలభై పంపకాలతో వచ్చే అంకె గట్టిదేమీ కాదు, కానీ 'బిగించి ఆడతాడు', 'అన్నిట్లో దూరతాడు' అనే తేడా అప్పటికే కనిపిస్తుంది. చివర్లో తిప్పిన ఒక్క చెయ్యి పది ఊహలకు సమానం, దాన్ని మాత్రం వదలకండి.

మూడో అడుగు: ఔట్స్ లెక్క, ఆ లెక్కలోంచి కోత

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. బ్లైండ్స్ (ఇద్దరు ముందే పెట్టే తప్పనిసరి పందేలు) 1/2, అందరి దగ్గరా 200 చిప్స్. బటన్ మీదున్నాయన (ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడేవాడు) 7కి రైజ్ చేశాడు. స్మాల్ బ్లైండ్ ఫోల్డ్. నేను బిగ్ బ్లైండ్‌లో జాకీ-10-7-6, నాలుగూ నాలుగు గుర్తులు. గొప్ప చెయ్యేం కాదు, ఇంకో 5 పెడితే చాలు కాబట్టి కాల్ చేశాను. పాట్ 15. ఫ్లాప్ 9-8-2, అదీ మూడు గుర్తులు. గుర్తులు కలవని చేతినీ బోర్డునూ కావాలనే తీసుకున్నాను, ఫ్లష్‌లు (ఒకే గుర్తు ఐదు ముక్కలు) అడ్డం రాకపోతే లెక్క తేటగా ఉంటుంది.

ఏ ముక్క వస్తే నాకు స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు)? అలా చెయ్యి కట్టించే ముక్కల్నే ఔట్స్ అంటారు. రాణులు నాలుగు, 5లు నాలుగు, జాకీ, 10, 7, 6 మూడేసి. మొత్తం 20. బోర్డు ముక్కల చుట్టూ మన ముక్కలు ఇలా చుట్టుకుని ఉంటే దాన్ని వ్రాప్ అంటారు. వ్రాప్‌లలో ఇదే అతి పెద్దది.

హోల్డెమ్‌లో ఔట్స్‌ను నాలుగుతో గుణించే అలవాటు ఉంటుంది. దాన్ని ఇక్కడికి మోసుకురావద్దు. 9 ఔట్స్‌కు 36 అని వస్తే నిజం 36.4, సరిపోయింది. 13కి 52 అని వస్తే నిజం 50. 17కి 68 అంటుంది, నిజం 62. 20కి 80 అంటుంది, నిజం 70. ఔట్స్ పెరిగేకొద్దీ ఆ సూత్రం అబద్ధం ఎక్కువ చెప్తుంది, ఒమాహాలో మనకు తగిలేవన్నీ పెద్ద అంకెలే.

ఆ 70 కూడా 'స్ట్రెయిట్ వచ్చే' అవకాశమే తప్ప 'గెలిచే' అవకాశం కాదు. ఇరవైలో అన్నీ నట్స్, అంటే ఆ బోర్డు మీద ఎవరూ కొట్టలేని చెయ్యి, ఇవ్వవు. రాణి వస్తే మన జాకీ-10తో కట్టే స్ట్రెయిట్‌ను మించింది లేదు. 7, 6, 5 వచ్చినా అంతే. కానీ జాకీ వస్తే బోర్డు జాకీ-9-8 అవుతుంది, రాణి-10 ఉన్నవాడు మనల్ని కొట్టేస్తాడు. 10 వస్తే రాణి-జాకీ ఉన్నవాడు కొడతాడు. కాబట్టి నికరమైన ఔట్స్ 14, మిగతా 6 అనుమానం సరుకు. మీ ఔట్స్‌ను ఎప్పుడూ ఇలా రెండు కుప్పలుగా పోసుకోండి. ఒమాహాలో డబ్బు పోయేది ఎక్కువగా రెండో కుప్ప దగ్గరే.

నాలుగో అడుగు: రేంజ్‌ను గుంపులు చేసి ఒక్కో గుంపుతో తలపడటం

అసలు పని ఇక్కడుంది. నేను చెక్ చేశాను, ఆయన 15 పెట్టాడు. నేను పాట్ రైజ్, 60. ఆయన కాసేపు ఆలోచించి ఉన్నదంతా తోసేశాడు, 193. ఇంత గట్టిగా ఎదురు తిరిగినవాడి దగ్గర ఏముండొచ్చు? నాకు కనిపించేవి నాలుగు గుంపులు: సెట్లు (చేతిలో జత, బోర్డు మీద దానికి మూడోది), నాకంటే పై వ్రాప్‌లు, 9-8 రెండు జతలు, వదలబుద్ధి కాని ఆసులు.

రెండు చేతులూ బోర్డూ తెలిస్తే మిగిలేది 41 ముక్కలు. టర్న్, రివర్ కలిపి రావడానికి 820 దారులు. ఓపికుంటే కాగితం మీద లెక్కపెట్టొచ్చు. నేను పెట్టాను, ఫలితాలు చూడండి.

ఎదుట ఆసు-ఆసు-రాజు-4 ఉంటే: నా ఇరవైలో ఒక్కటి వచ్చినా గెలుపు నాదే. 820లో ఏ ఔటూ రాని దారులు 210. మిగతా 610 నావి. అంటే 74.4 శాతం. ఫ్లాప్ మీద జత కూడా లేని నేను, రెండు ఆసుల మీద ఒకటికి మూడింతలు ముందున్నాను.

ఎదుట 9-8-ఆసు-రాజు ఉంటే: మిగిలిన రెండు 9లు, రెండు 8లలో ఏదొచ్చినా ఆయనకు ఫుల్ హౌస్ (ఒకే అంకె మూడు, ఇంకో అంకె రెండు; స్ట్రెయిట్ కంటే పెద్దది). అవి రాకుండా, నాది వచ్చే దారులు 530. 64.6 శాతం.

ఎదుట 9-9-రాజు-4, అంటే అతి పెద్ద సెట్ ఉంటే: బోర్డు మీద ఏ జత పడినా నేను పోయినట్టే. జత పడకుండా నాకు స్ట్రెయిట్ వచ్చే దారులు 446. 54.4 శాతం. సెట్ కట్టినవాడి మీద ఇంకా నేనే కొంచెం ముందు.

ఎదుట రాజు-రాణి-జాకీ-10 ఉంటే: ఇక్కడే చాలామంది పడతారు. ఆయనకూ జత లేదు, నాకూ లేదు. ఇద్దరివీ డ్రాలే (ఇంకా కట్టాల్సిన చేతులే) కదా, సమానం అనిపిస్తుంది. లెక్కపెడితే నేను ఒంటరిగా గెలిచేవి 189 దారులు, పంచుకునేవి 201, ఆయన గెలిచేవి 430. పంచుకునేవాటిలో సగం కలుపుకుంటే నా వాటా 35.3 శాతం. రాణి వచ్చినా 7 వచ్చినా ఇద్దరికీ ఒకటే స్ట్రెయిట్. జాకీ, 10 వస్తే ఆయనది పెద్దది. ఎవరికీ ఏమీ రాకపోతే రాజు పెద్ద ముక్క కాబట్టి అదీ ఆయనకే, అలాంటి దారులే 210.

ఆసుల గుంపు నుంచి పై వ్రాప్‌ల గుంపుకొచ్చేసరికి, 74 నుంచి 35కి పడిపోయాను, నా చేతిలో ముక్క మారకుండానే. 'నా చేతికి ఈక్విటీ ఎంత' అనే ప్రశ్నకు అర్థం లేదనేది అందుకే, దేనికి ఎదురుగా అన్నది చెప్పాలి. చాలామంది సెట్‌ను చూసి భయపడతారు, తన డ్రానే ఇంకాస్త పెద్దగా ఎదుటివాడి దగ్గరుంటే మాత్రం నిబ్బరంగా కాల్ చేస్తారు. నా అనుభవంలో ఒమాహాలో అతి ఖరీదైన తప్పు ఇదే.

ఐదో అడుగు: గుంపులకు వాటాలు

నాలుగు అంకెలొచ్చాయి. సగటు తీసేస్తే సరిపోదు, గుంపులు ఒకే పరిమాణంలో ఉండవు. ఇక్కడ ముక్కలు లెక్కపెట్టాలి.

నాకు కనిపించని ముక్కలు 45. వాటిల్లో 9లు మూడు. రెండు 9లైనా ఉన్న నాలుగు-ముక్కల చేతులు 2,625. 8లకూ అంతే, 2లకూ అంతే. రాణి, జాకీ, 10 మూడూ ఉన్న చేతులు 1,386. నా చేతిలో జాకీ, 10 లేకపోయుంటే ఈ గుంపు బాగా పెద్దది: మూడు ముక్కల కలయికలు 4×4×4, అంటే 64. నా రెండు ముక్కల వల్ల అవి 36కి తగ్గాయి. అంటే నేను భయపడాల్సిన గుంపును నా చెయ్యే కోసేసింది.

కానీ ఇవి పచ్చి లెక్కలు. ఆయన ఫ్లాప్‌కు ముందు రైజ్ చేశాడని మరిచిపోకూడదు. పనికిరాని ముక్కలతో కలిసిన రెండు 2లను ఎంతమంది రైజ్ చేస్తారు? కొద్దిమందే. 9లలో సగానికి కాస్త పైన చేస్తారేమో. రాణి-జాకీ-10 ఉంటే బటన్ మీద దాదాపు అందరూ చేస్తారు. ఆసులున్నవాళ్లంతా రైజ్ చేస్తారు కానీ, ఈ బోర్డు మీద 193 తోసేవాళ్లు వాళ్లలో కొందరే. ఇలా కోసుకుంటూ పోతే నాకు తేలింది: సెట్లకు 5 వాటాలు, పై వ్రాప్‌లకు 2, 9-8కి 2, ఆసులకు 1. మీకు 4-3-2-1 అనిపిస్తే కూడా తప్పు పట్టను. వాటాలు అంచనా మాత్రమే, కాకపోతే కాగితం మీద పెట్టిన అంచనా.

లెక్క: 54.4లో సగం 27.2, 35.3లో ఐదో వంతు 7.1, 64.6లో ఐదో వంతు 12.9, 74.4లో పదో వంతు 7.4. మొత్తం 54.6. పైన నేను తీసుకున్న చేతులు పొడివి, పక్క ముక్కలకు పనిలేనివి. నిజంగా తోసేవాడి దగ్గర సెట్‌తో పాటు చిన్న డ్రా కూడా ఉండటం మామూలే. అందుకని నాలుగైదు శాతం కోసేసి 50 అనుకుంటాను.

ఆరో అడుగు: ధరతో పోల్చడం, సరైన సమయంలో

ఆయన తోసేశాక పాట్‌లో 268 ఉంది. నేను ఇంకా 133 పెట్టాలి. 133ను 401తో భాగిస్తే 33.2 శాతం. నా దగ్గర 50. కాల్. అసలు ఆయన రేంజ్ మొత్తం రాజు-రాణి-జాకీ-10 ఒక్కటే అయినా 35.3 ఉంది, అప్పుడు కూడా బొటాబొటిగా కాలే.

అయితే 'ఎలాగైనా కాలే' అని తేలిపోయే చోట అసలు ప్రశ్న అంతకుముందే అయిపోయిందని అర్థం. 60 పెట్టేటప్పుడే ఆలోచించాల్సింది. అప్పటికి ఫ్లాప్ మీద నా డబ్బు ఒక్కటి కూడా పడలేదు. మొత్తం 193 వెళ్తే 401లో అది 48.1 శాతం. ఆయన ఎప్పటికీ ఫోల్డ్ చెయ్యడనుకుంటే నాకు కనీసం 48 కావాలి. నా అంచనా 50, కాస్త లాభమే. కానీ ఆయన బాగా బిగించి ఆడే మనిషి, సెట్లు 6 వాటాలు, పై వ్రాప్‌లు 4 అనుకుంటే? 46.8. పొడి చేతులతోనే 48 కిందికి వచ్చేశాం. అలాంటివాడికి ఎదురుగా 60 పెట్టడం నష్టం, పెట్టాక వచ్చిన తోపుకు ఫోల్డ్ చెయ్యడం ఇంకా పెద్ద నష్టం. వాడి మీద 15కి ఊరికే కాల్ చేసి టర్న్ చూడటమే మేలు. రెండో వైపు, పాట్ పెట్టి రైజ్ వస్తే తేలిగ్గా వదిలేసే మనిషైతే 46తో కూడా రైజ్ చెయ్యొచ్చు, ఫోల్డ్ చేసినప్పుడల్లా 30 చిప్స్ మనకు ఉచితం.

ధర గుర్తుపెట్టుకోవడం తేలిక. పాట్ అంత పందెం వస్తే 33 శాతం కావాలి, సగం పాట్ వస్తే 25. పాట్-లిమిట్ కాబట్టి ఎవరూ 33కి మించి అడగలేరు.

లెక్క తప్పించే మూడు చోట్లు

బోర్డు మీద రెండు ఆఠీన్‌లు ఉంటే. పైన లెక్కంతా ఫ్లష్ లేని ప్రపంచంలో జరిగింది. అదే ఫ్లాప్‌లో రెండు ఆఠీన్‌లు ఉండి, నా దగ్గర ఆఠీన్‌లు లేకపోతే, నా ఔట్స్‌లోంచి ఆఠీన్ ముక్కలన్నీ అనుమానం కుప్పలోకి పోతాయి. ఆ రాజు-రాణి-జాకీ-10 వాడికే ఫ్లష్ డ్రా కూడా ఉంటే నా 35 కాస్తా 33కి చాలా కిందికి పడుతుంది. అప్పుడు 'ఎలాగైనా కాలే' అనే మాట ఉండదు.

ముగ్గురు నలుగురు పాట్‌లో ఉంటే. ఒక్కొక్కరికీ ఆరు జతలు. ముగ్గురు ఎదుటివాళ్లుంటే పద్దెనిమిది జతలు మన మీద పనిచేస్తాయి. అక్కడ నట్స్ ఇచ్చే ఔట్స్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను, రెండో కుప్పకు సున్నా వేస్తాను. కఠినం అనిపించొచ్చు, నాకు ఇప్పటిదాకా చేటు చెయ్యలేదు.

ఇంకా చిప్స్ మిగిలి ఉంటే. ఈక్విటీ లెక్క రివర్ దాకా ఉంటామనే నమ్మకం మీద నడుస్తుంది. 200 బదులు 600 చిప్స్ ఉండి, ఫ్లాప్ మీద కాల్ చేస్తే, టర్న్‌లో ఇంకో పాట్ పందెం మీద పడుతుంది. టర్న్‌లో 20 ఔట్స్ అంటే 44లో 20, 45 శాతం, ధర ఇంకా గిట్టుబాటే. 9 ఔట్స్ అంటే 20 శాతమే, పాట్ పందేనికి చాలదు. కాబట్టి ఫ్లాప్ మీద 36 అనిపించిన ఫ్లష్ డ్రా చేతికి దొరికేది నిజానికి అంతకంటే తక్కువ.

సాధన

టేబుల్ దగ్గర ఇన్ని దశాంశాలు ఎవరూ వెయ్యలేరు, వెయ్యక్కర్లేదు. రోజుకు ఒక్క పంపకం రాసుకోండి: మీ ముక్కలు, బోర్డు, ఎదుటివాడు చేసిన పనులు. ఇంటికెళ్లాక గుంపులు రాయండి, వాటాలు వెయ్యండి, ఒక్కో గుంపుకు ఈక్విటీ ఊహించి పక్కన అంకె పెట్టండి. ఆ తర్వాతే ప్రోపోకర్‌టూల్స్ వాళ్ల ఆడ్స్ ఒరాకిల్ లాంటి ఒమాహా లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి పోల్చుకోండి. ముందు సాఫ్ట్‌వేర్ చూసి తర్వాత తలూపితే ఏమీ ఎక్కదు. ఆట నడుస్తుండగా దాన్ని వాడటం మాత్రం మోసం కిందికే వస్తుంది.

మొదట్లో నా ఊహకూ అసలు అంకెకూ పదిహేను శాతం దాకా తేడా వచ్చేది. ఇప్పుడు ఐదారుకు దిగింది. వ్రాప్‌కు ఎదురుగా వ్రాప్ పడ్డ చోట మాత్రం ఇప్పటికీ నా వాటా ఎక్కువే రాసుకుంటున్నాను. నోట్‌బుక్‌లో ఎర్ర సిరా అంతా ఆ పేజీల్లోనే ఉంది.